మేనత్త వాంగ్మూలం

ఎలీసమ్మ నోటికి జడవనివాళ్ళు మామిడికుదురు చుట్టుపక్కల తక్కువేనండి. చీపుర్లు కొనుక్కెళ్ళే బేరగాళ్ళ దగ్గర్నుంచి గుడి కమిటీ పెద్దల దాకా, ఆవిడ వస్తోందంటే కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని నిలబడతారు. చెడ్డమనిషి కాదు. ఉన్నమాట మొహమ్మీదే అనేస్తుంది, మళ్ళీ ఎవరికైనా కష్టం వస్తే ముందుగా ఆ గుమ్మం ఎక్కేదీ ఆవిడే. అలాంటి మనిషి జీవితంలో ఒక్క పెద్ద అబద్ధం ఆడింది. ఆడి, ఏడెనిమిదేళ్ళపాటు దాన్ని నిజమనుకునే బతికింది. ఆ అబద్ధాన్ని మొన్న తన నోటితోనే వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

ఆవిడ తండ్రి ఏసుపాదం కొబ్బరి తోటల్లో కాయలు వలిచే కూలీ. రోజంతా గునపం మొన మీద కాయ కొట్టి పీచు చీల్చి చీల్చి ఆయన అరచేతులు చెక్కల్లా అయిపోయేయి. తల్లి కొబ్బరాకు చీరి ఈనెలు తీసి చీపుర్లు కట్టేది. ఎలీసమ్మ పెద్దది. తమ్ముడు శ్యామ్ బాబు ఆమెకన్నా బాగా చిన్న. వాణ్ణి చంకనేసుకునే పెరిగింది. తరవాత పెళ్ళి చేసేరు. పిల్లలు కలగలేదు. ఆ వంక పెట్టి మొగుడు మరొకతెను చూసుకుని తణుకు వైపు పోయేడు. పెద్దమనుషుల్లో పెడదామని నలుగురూ అంటే, పోయినోణ్ణి లాక్కొచ్చి ఏం చేసుకుంటానండీ అని నవ్వేసి, ఏజెంటుని పట్టుకుని కువైట్ వెళ్ళిపోయింది.

మా వైపు ప్రతి వీధిలోనూ కువైటో మస్కటో వెళ్ళొచ్చిన ఆడవాళ్ళుంటారు గనక అక్కడి ఇంటిపని ఎలా ఉంటుందో విడమరిచి చెప్పక్కర్లేదు. తెల్లారకముందు లేవడం, అందరూ పడుకున్నాక పడుకోవడం. ఆ పని చేసుకుంటూనే తమ్ముణ్ణి చదివించింది, డ్రైవింగ్ నేర్పించింది, వాణ్ణీ కువైట్ రప్పించుకుంది. వాడు ఒక కోటీశ్వరుడి ఇంట్లో కారు తోలుతూ, ఆసుపత్రిలో ఆయాగా చేసే శ్రీలంక పిల్ల మీద మనసు పడ్డాడు. పేరు దిలినీ.

ఎలీసమ్మకి ఒళ్ళు మండిపోయింది. మన గుళ్ళో పిల్లలే కరువయ్యేరా నీకు అని తమ్ముణ్ణి పట్టుకుని సాధించింది, చాన్నాళ్ళు మాట్లాడ్డం మానేసింది. అప్పుడో శుక్రవారం సెలవు రోజున ఆ పిల్ల కొబ్బరిపాలు పోసి చేపల కూర వండి గిన్నెతో పట్టుకొచ్చింది. వాళ్ళదీ సముద్రపు ఒడ్డేనట, కొబ్బరిచెట్ల ఊరేనట, వాళ్ళూ ప్రభువుని నమ్ముకున్నవాళ్ళేనట. కూర తిన్నాక ఎలీసమ్మకి అనడానికి ఇంకేం మిగల్లేదు. అక్కడి చర్చిలోనే పెళ్ళి జరిపించింది. కాగితాలన్నీ ఎంబసీలో సరిగ్గానే వేయించేరు.

ఆ తరవాతే ఎలీసమ్మ రోజులు తిరగబడ్డాయి. తనని బాగా చూసుకునే ముసలి యజమానురాలు పోయింది. కొత్తగా పెత్తనానికొచ్చిన కోడలు చెయ్యి చేసుకోవడం మొదలుపెట్టింది. ఒకరోజు ఎలీసమ్మ కట్టుబట్టలతో బయటికి వచ్చేసింది. పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలోనే ఉండిపోయింది. అలా కాగితాలు లేకుండా దాక్కుని బతికేవాళ్ళని గల్ఫులో మనవాళ్ళు ఖల్లివల్లి అంటారు. ఆ మాట ఇక్కడ నవ్వుతూ అంటారు గాని, అక్కడ అనిపించుకున్నవాళ్ళకి తెలుస్తుంది అదేమిటో. తమ్ముడూ మరదలూ ఉండే ఒంటిగదిలోనే తలదాచుకుంది. పోలీసులు ఆ వీధిలో తనిఖీకి వచ్చినప్పుడల్లా బాత్‌రూమ్‌లో నీళ్ళ డ్రమ్ము వెనకాల ఊపిరి బిగబట్టుకుని కూర్చునేది. వాళ్ళు పోయేక దిలినీ వచ్చి తలుపు తట్టేది. ఎలీసమ్మ నోట ఎప్పుడూ ముందు వచ్చే మాట ఒకటే, వెళ్ళిపోయేరా అని.

ఆ రోజుల్లోనే ఇక్కడ తల్లి పోయింది. వచ్చే దారి లేదు. ఎవరో బంధువులు సమాధుల దొడ్లోంచి వీడియో కాల్ చేస్తే, తల్లిని గుంటలోకి దించడం ఆ ఫోనులోనే చూసింది. ఫోను చేతిలో నిలవకపోతే, నిండు నెలలతో ఉన్న దిలినీ పట్టుకు కూర్చుంది. ఆ కాస్త మేలు ఎలీసమ్మ ఏనాడూ మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేది.

ఇంతలో అక్కడి ప్రభుత్వం కాగితాలు లేనివాళ్ళకి క్షమాభిక్ష పెట్టింది. జరిమానా లేకుండా మీ దేశాలకి మీరు పోవచ్చన్నారు. పాస్‌పోర్టు లేకపోయినా ఊరు పోనిచ్చే ఔట్‌పాసు ఎలీసమ్మకి దొరికింది. అప్పటికి దిలినీకి ఆడపిల్ల పుట్టి ఎనిమిది నెలలు. అక్షయ అని పేరు పెట్టుకున్నారు. పని మానేస్తే అక్కడుండే అనుమతి పోతుంది, పని చేస్తే పిల్లని చూసే దిక్కు లేదు. విమానాశ్రయంలో దిలినీయే పిల్లని తెచ్చి ఎలీసమ్మ ఒళ్ళో పెట్టింది. కొన్నాళ్ళే అక్కా, కాస్త నిలదొక్కుకుని నేనూ వచ్చేస్తాను అంది. అంటూనే పిల్ల చొక్కా గుండీలు పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

ఊరు వచ్చిన కొత్తలోనే రేషన్ కార్డుల సర్వే అయింది. ఈ పాప ఎవరండీ అని అడిగేరు. తల్లి పైదేశం మనిషి, ఆధారు లేదు, ఊళ్ళో లేదు అంటే పిల్ల పేరు ఎక్కడా ఎక్కదని ఎవరో చెవిలో వేసేరు. మా గల్ఫు ఇళ్ళల్లో ఇది మామూలేనండి. తల్లి అక్కడుంటే పిల్లని అమ్మమ్మ కార్డులోనో పిన్ని కార్డులోనో ఎక్కించేస్తారు, తరవాత చూసుకోవచ్చులే అని. ఎలీసమ్మ తడుముకోలేదు. నా కూతురే, రాసుకోండి అంది. ఆధారులో అదే పడింది. స్కూల్లో వేసినప్పుడూ అదే పడింది.

కాగితాల మాట అటుంచండి. ఆ పిల్లకి పళ్ళు వచ్చేటప్పుడు జొరం వస్తే వానలో ఆటో ఎక్కించి అమలాపురం పరుగెత్తింది ఎవరు? కొబ్బరాకు చీరుతూ కాళ్ళ మీద వేసుకుని నిద్రపుచ్చింది ఎవరు? ఓ రోజు ఈనెల కట్ట పట్టుకుని లేచి నిలబడి ఆ పిల్ల అమ్మా అంది. ఎలీసమ్మ చుట్టూ చూసింది, ఎవరూ లేరు. పిలిచింది తననే. అత్త అనాలమ్మా అని దిద్దుదామనుకుంది. రేపు దిద్దుదాంలే అనుకుంది. ఆ రేపు ఎన్నేళ్ళకీ రాలేదు. ఫోనులో కనబడే దిలినీని మమ్మీ అనడం నేర్పింది, అక్కడికి ధర్మం చేశాననుకుంది. దిలినీ సెలవుల్లో రెండుసార్లు వచ్చింది. పిల్ల కొత్త మనిషిని చూసినట్టు చూసి ఎలీసమ్మ కొంగు పట్టుకుంది. దిలినీ నొచ్చుకుంది.

కిందటేడు శ్యామ్ బాబు అక్కడే పోయేడు. యజమాని పిల్లల్ని స్కూల్లో దింపి, కారు నీడన పెట్టుకుని సీట్లోనే తల వాల్చేసేడు. గుండె ఆగిపోయిందన్నారు. శవపెట్టెతోపాటు దిలినీ వచ్చింది, ఎంబసీవాళ్ళు కొద్ది నెలలకి వీసా వేసి ఇచ్చేరట. తల్లి పక్కనే వాణ్ణి భూస్థాపన చేసేరు. చంకనేసుకుని పెంచిన చేతులతోనే మట్టి వేసింది ఎలీసమ్మ. ఆదరణ కూడిక ప్రార్థనలు అయ్యేక పాస్టరు అయ్యగారి ముందే దిలినీ, నేను తిరిగి వెళ్ళను, నా బిడ్డ దగ్గరే ఉంటాను అని వచ్చీరాని తెలుగులో చెప్పింది. ఇది నీ ఇల్లేనమ్మా, పొమ్మనేవాళ్ళెవరు అంది ఎలీసమ్మ. మనస్ఫూర్తిగానే అంది.

దిలినీ మర్నాటి నుంచే పనిలో కూర్చుంది. మన ఆడవాళ్ళకన్నా ఒడుపుగా ఆకు చీరేది. వాళ్ళ ఊళ్ళో మట్టలు అల్లి కప్పులు వేస్తారట, ఆ చేతివాటం. ఎలీసమ్మకి ముచ్చటేసింది. అయితే ఆ పక్కనే అక్షయ కూర్చుని మమ్మీ దగ్గర అల్లడం నేర్చుకుంటుంటే మాత్రం, ఇంట్లో ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోయేది. పిల్లని తల్లి దగ్గరికి రానిచ్చింది, కాదనలేదు. కాని తల దువ్వడం, అన్నం పెట్టడం మటుకు తన చేతిలోంచి వదల్లేదు.

సమాధికి పలక వేయించిన తరవాత, ఏవో సర్టిఫికెట్ల కోసం ఇద్దరూ మామిడికుదురు సెంటర్లో దొరబాబు నెట్ షాపుకి వెళ్ళేరు. జిరాక్సు తీయడానికి దిలినీ పాస్‌పోర్టు తిరగేసిన దొరబాబు అక్కడే ఆగిపోయేడు. ఈవిడ వీసా అయిపోయి మూడు నెలలైందండి అక్కా అన్నాడు.

ఎలీసమ్మ నవ్వేసింది. కోడలు అత్తారింట్లో ఉండడానికి వీసా ఏమిట్రా అంది.

చూడండి చిత్రం. పరాయి గడ్డ మీద కాగితం లేకపోతే ఏమవుతుందో ఒళ్ళంతా తెలిసిన మనిషి. వీసాల సంగతి ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఆవిడ అరుగు మీదికే వచ్చేవారు. అలాంటి మనిషికి, వీసా అనేది మన వీధిలో మన కోడలికి కూడా ఉంటుందని తట్టనే లేదు. ఊళ్ళో సగం మంది గల్ఫు చూసొచ్చినవాళ్ళే, ఒక్కరికీ తట్టలేదు. ఆఖరికి అయ్యగారికీ తట్టలేదు. పైదేశం అంటే మనం పోయేదే గాని, మన దగ్గరికి వచ్చినవాళ్ళకి మనదే పైదేశమని అనుకోవలసిన అవసరం మాకెవరికీ ఎప్పుడూ పడలేదు మరి.

దొరబాబు కుర్చీలు వేసి కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పేడు. భర్త పోయేడు గనక భార్యగా ఉంటానంటే కుదరదు. కాని బిడ్డ ఇక్కడి పౌరురాలు, మైనరు. ఆ బిడ్డకి తల్లిగా ఉండనివ్వమని, గడువు దాటినందుకు క్షమించమని అర్జీ పెట్టుకోవచ్చు. వాళ్ళు నమ్మితే ఉండనిస్తారు. నమ్మకపోతే దేశం విడిచి పొమ్మంటారు. పోతే మళ్ళీ ఎప్పుడు రానిస్తారో ఎవరూ చెప్పలేరు.

దిలినీ మొహంలో రక్తం లేదు. ఆవిడకి ఏ భాషలో చెప్పినా ఆ ముక్క అర్థమవుతుంది.

అర్జీ పెట్టేరు. కువైట్ ఆసుపత్రి వాళ్ళిచ్చిన పుట్టిన కాగితంలో, పాప పాస్‌పోర్టులో తల్లి దిలినీ. ఆధారులో, రేషన్ కార్డులో, స్కూల్లో తల్లి ఎలీసమ్మ. దొరబాబు అవన్నీ పక్కపక్కన పెట్టుకుని తల గోక్కున్నాడు. పోలీసులు విచారణకి వస్తారక్కా, ఉన్నది ఉన్నట్టు చెప్పేయండి, మీ మాట మీదే ఉంటుందంతా అన్నాడు. ఆయ్ అంది ఎలీసమ్మ.

విచారణకి ఒక హెడ్ కానిస్టేబుల్ గారు వచ్చేరు. పెద్దాయన, మర్యాదస్తుడు. అరుగు మీద కుర్చీ వేస్తే కూర్చుని బొండాం నీళ్ళు తాగేరు. దిలినీ మెట్టు మీద కూర్చుని ఆకు చీరుతోంది. ఆయన అడిగినవాటికి ఆవిడ ఒకటొకటి చెప్పింది, ఆయన రాసుకున్నారు. అప్పుడే స్కూలు వదిలిపెట్టేరు. అక్షయ పరిగెత్తుకొచ్చి, బ్యాగు విసిరేసి, అమ్మా ఆకలేస్తోందంటూ ఎలీసమ్మ నడుం చుట్టుకుపోయింది.

హెడ్డు గారు తలెత్తి, పాప ఎవరమ్మాయండీ అని అడిగేరు.

"నా కూతురేనండి," అంది ఎలీసమ్మ.

దిలినీ చేతిలో కత్తి ఆగిపోయింది. తెలుగు ఎంత రాకపోయినా కూతురన్న మాట తెలియకుండా ఉంటుందా? హెడ్డు గారు ఒకసారి ఆవిడ వైపూ ఒకసారి ఈవిడ వైపూ చూసి, విన్నది రాసుకుని, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయేరు.

నోరు జారిందిలే అని ఊరంతా సర్దిచెప్పేరు. ఇన్నేళ్ళ అలవాటు కదా, పోనీ తమ్ముడి కూతురు కూతురు కాదా ఏమిటి అన్నారు. ఎలీసమ్మ పదిమందికీ మొహమ్మీద నిజం చెప్పే మనిషి, తనకి తాను మాత్రం ఎందుకు దాచుకుంటుంది? ఆ మాట అనేముందు తను ఒక్క క్షణం ఆగిందని ఆవిడకి తెలుసు. ఆ ఒక్క క్షణంలో దిలినీ లేని ఇల్లు కళ్ళకి కట్టింది. పాప తల తను దువ్వుతోంది, పాప అమ్మా అంటోంది, మధ్యలో ఎవరూ లేరు. అది చూసుకునే ఆ మాట అంది.

ఆ సాయంత్రం కూడా దిలినీ ఎలీసమ్మకి ముందు వడ్డించింది, మోకాళ్ళకి నూనె కాచి ఇచ్చింది. తిట్టినా బాగుండునని ఎలీసమ్మ ఎదురుచూసింది. తిట్టించుకుందామని తనే ఏదో వంకతో నాలుగు విసుర్లు విసిరింది. దిలినీ తల వంచుకుని ఈనెలు కట్ట కట్టుకుంటూ కూర్చుంది.

పైదేశం వాళ్ళ కాగితాలు చూసే అమలాపురం ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. కాగితాల్లో ఒక బిడ్డకి ఇద్దరు తల్లులు కనబడుతున్నారు, పాపతో సహా ఇద్దరూ వచ్చి వివరం చెప్పుకోవాలి, సరైన వివరం లేకపోతే అర్జీ తోసేస్తాం అని. దొరబాబు చదివి వినిపించేడు. ఎలీసమ్మ వింది. ఏం చెప్పాలో తేల్చుకోలేదు. మార్చి చెప్తే పాప పోతుంది, మార్చకపోతే దిలినీ పోతుంది. నోరు మూసుకుంటే చాలు, తనేమీ చెయ్యక్కర్లేదు, జరిగేది దానంతటదే జరిగిపోతుంది. ఆ సులువే ఆవిడని భయపెట్టింది.

పిలుపు రోజు ఇంకా రాలేదు. ఓ మధ్యాహ్నం ఎలీసమ్మ దుకాణానికి వెళ్ళి తిరిగి వస్తోంది. గ్యాసు కంపెనీ వాళ్ళ జీపు ఒకటి దారి తప్పి వీధిలోకి వచ్చి, వాళ్ళ దడి పక్కనే తిప్పుకుని వెళ్ళిపోయింది. మా వైపు ఆ బళ్ళు తిరుగుతూనే ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. ఎలీసమ్మ పెరట్లోకి వచ్చేసరికి దిలినీ లేదు. ఆకు సగం చీరి ఉంది, కత్తి కింద పడి ఉంది. పిలిచింది, పలకలేదు. పాకలో ఎండిన మట్టలు గోడకి చేరేసి ఉంటాయి. వాటి కింద నుంచి రెండు పాదాలు కనబడ్డాయి. ఎలీసమ్మ మట్టలు పక్కకి తీసింది. దిలినీ గోడకి అతుక్కుపోయి, చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుని ఉంది. జుట్టు నిండా పీచు.

"వెళ్ళిపోయేరా అక్కా?" అంది.

ఎలీసమ్మ ఆ మట్టల మధ్యనే కూలబడిపోయింది. ఎన్నిసార్లు, ఎన్నిసార్లు తను ఇదే మాట అడిగింది, నీళ్ళ డ్రమ్ము వెనకాల నుంచి, ఈ పిల్లనే. అడిగినప్పుడల్లా ఈ పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. ఇవాళ తన పెరట్లో, తన పాకలో, తను అన్న ఒక్క మాటకి ఈ పిల్ల ఇలా అయిపోయింది. ఛీ, ఏం బతుకు నాది అనుకుంది. పైకి ఏడ్చింది కూడా. దిలినీ తన ఏడుపు మానేసి ఈవిడని ఊరుకోబెట్టింది.

పిలుపు రోజున అక్షయకి తెల్ల గౌను వేసి, తల మాత్రం దువ్వకుండా దువ్వెన తెచ్చి దిలినీ చేతిలో పెట్టింది ఎలీసమ్మ. దిలినీ ఆశ్చర్యంగా చూసింది. దువ్వింది. పాపిడి వంకరగా వచ్చింది. ఎలీసమ్మ చూసి కూడా సరిచెయ్యలేదు. ముగ్గురూ బస్సెక్కి అమలాపురం వెళ్ళేరు. పాప మధ్యలో కూర్చుంది.

అక్కడ చూసే ఆఫీసరు రేవతి గారని చిన్నావిడే. కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించేరు. కాగితాలు చూసి, ఎలీసమ్మ గారూ, హెడ్డు గారితో మీ కూతురన్నారు, కార్డులోనూ అంతే ఉంది, ఇప్పుడేమంటారు అని అడిగేరు.

"నా కూతురు కాదండి. నా తమ్ముడి కూతురు. ఆ దిలినీ కన్న బిడ్డ. పుట్టేక మొదటి స్నానం నేనే చేయించేను. కార్డులో రాయించింది నేను, స్కూల్లో చెప్పింది నేను. ఈవిడకేం తెలీదండి. హెడ్డు గారితో చెప్పింది కూడా నోరు జారి చెప్పింది కాదు. తెలిసే చెప్పేనండి."

రేవతి గారు పెన్ను పక్కన పెట్టేరు. ఇది రాసుకున్నాక మళ్ళీ వెనక్కి రాదండీ అన్నారు. కార్డులోంచి, ఆధారులోంచి, స్కూల్లోంచి తల్లిగా మీ పేరు తీసేస్తారు. తప్పు రాయించినందుకు సంజాయిషీ ఇచ్చుకోవాలి. రేపు మీకూ ఈవిడకీ పడకపోయినా, ఈవిడ బిడ్డని తీసుకుని వాళ్ళ దేశం వెళ్ళిపోతానన్నా, మీరు అడ్డం చెప్పడానికి ఏ హక్కూ ఉండదు. ఆలోచించుకున్నారా అని నెమ్మదిగానే అడిగేరు.

"ఆయ్. ఆలోచించుకునే వచ్చేనండి."

దిలినీ బల్ల కింద నుంచి ఎలీసమ్మ చెయ్యి పట్టుకుంది. ఎలీసమ్మ విడిపించుకోలేదు, పట్టుకోనూ లేదు. చెయ్యి అలా ఉండనిచ్చింది.

పాపని కూడా ఒక్క మాట అడగాలన్నారు రేవతి గారు. దగ్గరికి పిలిచి, నీ పేరేంటమ్మా, ఎన్నో క్లాసమ్మా అని అడిగేరు. చెప్పింది. మీ అమ్మ ఎవరమ్మా అని అడిగేరు.

ఎనిమిదేళ్ళ పిల్ల. ఇంట్లో పెద్దవాళ్ళు ఎందుకు ఏడుస్తున్నారో, ఎవరినో ఎక్కడికో పంపేస్తారని ఎందుకనుకుంటున్నారో దానికి కొంత తెలుసు, కొంత తెలియదు. తప్పు చెప్తే ఎవరికి ఏమవుతుందోనని భయం. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. చివరికి ఎలీసమ్మ వైపు తిరిగి అడిగింది.

"అమ్మా, ఏం చెప్పాలి?"

దిలినీ తల దించేసుకుంది. ఎలీసమ్మ కుర్చీలోంచి లేచి, మోకాళ్ళు నొప్పెడుతున్నా పిల్ల ముందు నేల మీద కూర్చుంది. మొహంలో మొహం పెట్టి, ఎప్పుడో దిద్దవలసిన మాట అప్పుడు దిద్దింది.

"నేను నీకు అత్తనమ్మా. మీ నాన్నకి అక్కని. నిన్ను కన్నది మమ్మీ. అదే చెప్పు ఆవిడకి."

అక్షయ చాలాసేపు ఎలీసమ్మ మొహమే చూసింది. ఈవిడ అబద్ధం ఆడమంటోందో నిజం చెప్పమంటోందో పోల్చుకోలేక చూసింది. తరవాత రేవతి గారి వైపు తిరిగి, చేతులు కట్టుకుని, క్లాసులో పాఠం అప్పగించినట్టు చెప్పింది. మా అమ్మ దిలినీ అండి, ఈవిడ మా అత్త అండి అని.

వాంగ్మూలం రాసి చదివి వినిపించేరు. ఎలీసమ్మ సంతకం పెట్టింది. పాపకి మీరేమవుతారో సంతకం కింద రాయమన్నారు. కువైట్ వెళ్ళేముందు సంతకం ఒక్కటే నేర్చుకున్న చెయ్యి అది. మేనత్త అన్న మాట రేవతి గారు వేరే కాగితం మీద రాసి చూపిస్తే, దాన్ని చూసి ఒక్కో అక్షరం దించింది.

ఉత్తర్వు రావడానికి వర్షాకాలమంతా పట్టింది. పౌరురాలైన మైనరు బిడ్డకి తల్లి గనక దిలినీ ఒక ఏడాది ఇక్కడ ఉండవచ్చు. ఆ పైన ఏటేటా మళ్ళీ అర్జీ పెట్టుకోవాలి, మళ్ళీ విచారణ ఉంటుంది. దొరబాబు కాగితం చేతికిచ్చిన సాయంత్రం దిలినీ దాన్ని గుండెకి హత్తుకుని, నాలుగు పూలు కోసుకుని, శ్యామ్ బాబు సమాధి దగ్గరికి వెళ్ళింది. ఎలీసమ్మని రమ్మంది. పాప ఆకలికి ఆగదు, నువ్వెళ్ళిరా అంది ఎలీసమ్మ.

ఈలోగా స్కూల్లో పేరు మారింది, కార్డులో మారింది. పాప మాత్రం ఆఫీసుకి వెళ్ళొచ్చిన రోజు నుంచీ ఎలీసమ్మని ఏమీ పిలవడం లేదు. అమ్మా అనబోయి ఆగిపోతోంది, అత్తా అనలేక ఊరుకుంటోంది. ఏదన్నా కావలిస్తే దగ్గరికొచ్చి నిలబడుతోంది. ఎలీసమ్మ అది చూస్తూనే ఉంది.

ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని పాప అడిగింది.

"ఆఫీసులో అన్నట్టు ఇంట్లో కూడా అత్తా అనే పిలవాలా?"

ఎలీసమ్మ పప్పుచారు పోస్తోంది. పోయడం అయ్యేక గిన్నె కింద పెట్టింది.

"ఆయ్. ఇంట్లో కూడా. ఏటేటా వచ్చి అడుగుతారు తల్లీ. ఇప్పట్నుంచీ అలవాటు చేసుకోకపోతే అప్పటికి నోరు తిరగదు."

పాప ముద్ద కలిపింది. పెదాలు రెండుసార్లు కదిపి చూసుకుంది.

"అయితే అత్తా, ఇంకొంచెం అన్నం పెట్టు," అంది.

ఎలీసమ్మ పెట్టింది. చాలు చాలు అని పాప చెయ్యి అడ్డం పెడుతున్నా ఇంకో గరిటె పెట్టింది.